బెంగళూరులో ఏఏ మీటింగు: వెతకడం నుంచి టీ దాకా

తాగుడు మానేద్దామనుకున్నాక ముందు చూసుకోవాల్సింది మీటింగు అడ్రసు కాదు, రోజుకు ఎంత తాగుతున్నామన్న లెక్క. పొద్దున్నే చేతులు వణుకుతూ, కాస్త గొంతులో పడితే తప్ప ఆ వణుకు తగ్గడం లేదంటే, ఉన్నపళంగా ఆపేయడం ప్రమాదం. చివరి పెగ్గు తర్వాత 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మనిషి తికమకపడుతూ, లేనివి కనిపిస్తున్నాయంటే అది ప్రాణం మీదికి వచ్చినట్టే, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇలాంటి తాగుడున్నవాళ్లు ముందు హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కో, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకో వెళ్లాలి. అక్కడ "ఏదో కొంచెం" అనకండి, మిల్లీలీటర్లలో చెప్పండి. క్వార్టర్ అంటే 180. మన దగ్గరి విస్కీ, బ్రాందీల్లో మామూలుగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది కాబట్టి, ఒక్క క్వార్టర్‌తోనే అరవై గ్రాములు లోపలికి పోతుంది. ఇంకో చిక్కు: "మందు ఎప్పుడు వేసుకున్నారు" అంటే తెలుగులో రెండర్థాలు. అడిగింది మాత్ర గురించా, సీసా గురించా తేల్చుకుని జవాబివ్వండి.

ఇక మీటింగు సంగతి. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం. 1935లో అమెరికాలో మొదలైంది. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, చేరినట్టే. ఫీజు లేదు, ఫారం లేదు. ఏఏకి సొంత ఆసుపత్రులు గానీ రీహాబ్ సెంటర్లు గానీ లేవు. ఆ పేరు చెప్పి నెలకింత కట్టమని ఎవరైనా అడిగితే అది వేరే వ్యాపారం.

ఏఏ ఇండియా వెబ్‌సైటులో ఊళ్లవారీగా వివరాలూ ఫోన్ నంబర్లూ ఉంటాయి. జాబితా చూసి నేరుగా బయల్దేరకండి. గదులు మారుతుంటాయి, సెలవుల్లో గేట్లు మూసేస్తుంటారు. బెంగళూరు ట్రాఫిక్‌లో గంటన్నర ప్రయాణించి తాళం చూసి తిరిగొస్తే, ఆ చిరాకే దారిలో కనిపించిన బార్లోకి నడిపిస్తుంది. వెళ్లే రోజు మధ్యాహ్నమే ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి: ఇవాళ మీటింగు ఉందా, ఏ భాషలో, ఓపెనా క్లోజ్‌డా, ఏ గేటు నుంచి రావాలి. ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చు. క్లోజ్‌డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఆడవాళ్లయితే మహిళల గ్రూపు ఉందేమో కూడా అడగండి. చర్చి ఆవరణలో గది అని చెబితే కంగారు పడక్కర్లేదు. అది అద్దె గది మాత్రమే, ఏఏ ఏ మతానికీ చెందదు.

తెలుగువాళ్లకు ఎక్కువగా అడ్డొచ్చేది భాష. ఇక్కడి మీటింగుల్లో ఇంగ్లీషు, కన్నడం, తమిళం, హిందీ వినిపిస్తాయి. వినడానికి వచ్చీరాని కన్నడం సరిపోతుంది. మాట్లాడాల్సి వస్తే తెలుగులోనే మాట్లాడండి, ఈ ఊళ్లో అర్థమయ్యేవాళ్లు ఒకరిద్దరు ఉండే అవకాశం ఎక్కువ. మనసులో మాట పూర్తిగా తెలుగులోనే రావాలనిపిస్తే, ఆంధ్ర, తెలంగాణ వైపు గ్రూపుల ఆన్‌లైన్ మీటింగుల గురించి ఏఏ హెల్ప్‌లైన్‌లో విచారించండి. నలుగురిలో కాకుండా ఒక్కరితోనే తెలుగులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉంది.

మీటింగు గంట నుంచి గంటన్నర. మీ వంతు వచ్చినప్పుడు పేరు చెప్పి "ఇవాళ వింటాను" అంటే చాలు; ఇంటిపేరు, కంపెనీ పేరు అక్కర్లేదు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు, వాదించరు. చివర్లో డబ్బా తిరుగుతుంది. పదో ఇరవయ్యో వేసేవాళ్లు వేస్తారు, కొత్తవాళ్లు వేయకపోయినా ఎవరూ చూడరు. తాగి ఉన్నా రావచ్చు, కానీ బండి నడపకుండా రండి, ఆ పూట మాట్లాడకుండా కూర్చోండి.

చాలామంది జారిపోయేది ఆ తర్వాతే. మీటింగు అవగానే ఫోన్ చూసుకుంటూ బయటికి నడిచేస్తారు. అలా చేస్తే పొందింది సగమే. టీ దగ్గర పదిహేను నిమిషాలు నిలబడి ముగ్గురి నంబర్లు తీసుకోండి. మర్నాడే, ఏ ఇబ్బందీ లేనప్పుడే, ఒకరికి ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడండి. ఎందుకంటే తాగాలనిపించిన సాయంత్రం కొత్త మనిషికి ఫోన్ చేయడానికి చెయ్యి రాదు. ముందే ఒకసారి మాట్లాడి ఉంటే వస్తుంది. ఫోన్ చేయాల్సింది గ్లాసు ఎత్తకముందు. "తాగాలనిపిస్తోంది, కాసేపు మాట్లాడతారా" అంటే సరిపోతుంది, సంజాయిషీ అక్కర్లేదు.

గ్రూపు నచ్చలేదని ఒక్కసారికే మానేయకండి. కనీసం ఆరు మీటింగులు, వేర్వేరు గ్రూపుల్లో చూడండి. మొదటి 90 రోజుల్లో 90 మీటింగులు అని పాతవాళ్లు చెప్పే లెక్క షిఫ్టుల ఉద్యోగాల్లో కుదరకపోవచ్చు, ఆన్‌లైన్‌వి కలుపుకుంటే దగ్గరికి రావచ్చు. మీటింగు ఇంటి దగ్గరా ఆఫీసు దగ్గరా అంటే, రోజూ ఆగే బారుకు ముందే తగిలేది ఎంచుకోవడం మా సలహా.

కొన్ని వారాలయ్యాక ఒకరిని మీకు స్పాన్సర్‌గా ఉండమని అడగండి: ఏడాదికి పైగా తాగకుండా ఉన్నవారు, మగవాళ్లకు మగవారు, ఆడవాళ్లకు ఆడవారు. ఏఏ పద్ధతిలోని పన్నెండు మెట్లు దగ్గరుండి చేయించడం స్పాన్సర్ పని. అప్పు ఇవ్వడం, ఉద్యోగం చూపించడం కాదు. గ్రూపులో డబ్బు చేబదుళ్లు మొదలైతే ఇద్దరూ మీటింగుకు రావడం మానేస్తారు. డాక్టరు రాసిన మాత్రలు ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే అది ఏఏ మాట కాదు, డాక్టరునే అడగండి.

సంక్రాంతికో ఉగాదికో ఊరెళ్లేటప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. మడివాళలో బస్సెక్కే ముందే ఒకరికి ఫోన్ చేసి, ఊళ్లో ఏ రాత్రి ఏ ఆన్‌లైన్ మీటింగులో కూర్చోవాలో రాసుకోండి. బావమరిది గ్లాసు చేతిలో పెట్టినప్పుడు చెప్పాల్సిన మాట కూడా ముందే అనుకోండి. "మాత్రలు వాడుతున్నా" అంటే చాలాచోట్ల అంతటితో వదిలేస్తారు.

ఇంట్లోవాళ్లకు వేరే మీటింగులున్నాయి, పేరు అల్-అనాన్. తాగే మనిషి మానకపోయినా భార్య, తల్లిదండ్రులు వెళ్లవచ్చు. ఒక్క పని మాత్రం చేయకండి: ఎవరో చెప్పారని, తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర పొడి చేసి సాంబారులో కలపడం. అది తెలియక తాగితే బీపీ పడిపోయి, గుండెదడతో ఆసుపత్రి పాలవుతారు. ఆ మాత్ర వేసుకునే మనిషికి తెలిసి, డాక్టరు చూస్తుండగా వాడాల్సినది.