పండగ శుభ్రతకు ముందు: పాత చైనా పింగాణీ దించేవారికి

చైనా కొత్త సంవత్సరం దగ్గర పడింది. సింగపూర్, హాంకాంగ్ ఇళ్ళలో అటకలూ అద్దాల బీరువాలూ ఖాళీ చేసి కడిగే రోజులివి. కిందటేడు ఇలాగే ఒకరింట్లో కాంగ్‌షీ చక్రవర్తి కాలపు (1662–1722) పళ్ళేన్ని వేడినీళ్ళ తొట్టిలో నానబెట్టారు. తెల్లారేసరికి అంచు ముక్క ఊడి అడుగున పడి ఉంది. అది ఎప్పుడో విరిగితే అతికించినదని ఇంట్లో ఎవరికీ తెలియదు. అతుకు మీద రంగు వేసి దాచేస్తారు. పాత జిగురు వేడినీళ్ళకు మెత్తబడుతుంది.

జాగ్రత్తగా పట్టుకోవాలని మీకు చెప్పనక్కరలేదు. నేను చెప్పేది ఒక్కటే: నీళ్ళలో ముంచకండి. ‘పింగాణీయే కదా, నీళ్ళకేమవుతుంది’ అన్న ధీమాయే కొంప ముంచుతుంది.

చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్ ఊరి బట్టీల్లో పాత్రను 1300 డిగ్రీల దరిదాపుల్లో కాల్చాక, మెరుపు పూత మీద ఎనామెల్ (గాజు) రంగులద్ది ఏడెనిమిది వందల డిగ్రీల్లో మళ్ళీ కాల్చేవారు. కాబట్టి బొమ్మకు పైన రక్షణేమీ లేదు. ఈ పాత్రల మీద ‘పశ్చిమ మందిరం’ అనే పాత చైనా ప్రేమ నాటకం బొమ్మలుంటాయి. వాటిలో ప్రియురాలు ఇంగ్‌యింగ్ కోసం గోడ దూకే జాంగ్‌ను చూడండి: అంగీ మీది ఆకుపచ్చ రంగు దళసరిగా, వేలికి తగిలేంత ఎత్తుగా ఉంటుంది. ఆమె ముఖమో, తెల్లని పింగాణీ మీద వెంట్రుకంత గీతలు. పీచుతో రుద్దితే అంగీ మిగులుతుంది, కనుబొమలు పోతాయి. బంగారు పూత మరీ అల్పాయుష్షు.

చింతపండు, నిమ్మ, వెనిగర్ తగలనివ్వకండి. ఆ రంగుల్లో సీసం ఉంటుంది, పులుపుకు మెరుపు చస్తుంది. అందుకే వాటిలో తినడమూ వద్దు. బ్లీచ్ వద్దు. దుమ్ముకు మెత్తని పొడి కుంచె చాలు. మొండి మరకైతే నిపుణులకు చూపించండి. నీళ్ళలో మాత్రం ముంచకండి.

ఉంగరాలు, గాజులు తీసెయ్యండి. మెడ పట్టి ఎత్తకండి, చెవులు పట్టి అసలే ఎత్తకండి. ఒక చెయ్యి అడుగున ఉండాలి. మూత ముందే తీసి పక్కన పెట్టండి. నూలు చేతితొడుగులు వద్దు, జారతాయి. కిటికీ గట్టు మీద పెట్టకండి: కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో 2006 జనవరిలో ఒక సందర్శకుడు మెట్ల దగ్గర తూలిపడి, గట్టు మీదున్న మూడు చైనా జాడీలను ముక్కలు చేశాడు. విరిగితే పొడితో సహా ఏరండి. ముక్కలను ఒకదానికొకటి ఆనించి చూడకండి, అంచులు ఇంకా చిట్లుతాయి. విడివిడిగా కాగితంలో చుట్టండి. ఇంట్లో ఉన్న జిగురు ముట్టకండి. ఆ ముక్కలను కూడా కడగకండి.