పుస్తకం మూశాకే రివిజన్: జెరాక్స్ కొట్టు నుంచి పదో తరగతి పిల్లలకి

నరసన్నపేటలో ఒక హైస్కూలు గేటుకి ఎదురుగా నాది చిన్న జెరాక్స్ కొట్టు. పిల్లలు నన్ను జెరాక్స్ మావయ్య అంటారు. సంక్రాంతి సెలవులు అయిపోయిన దగ్గర్నుంచి మార్చి నెలాఖరు దాకా ఊపిరాడదు. ఒకరి నోట్సు పదిమందికి, గైడులో పేజీలు, పైన 'ఇంపార్టెంట్' అని పెద్దగా రాసిన కాయితాలు. కట్టలకి కట్టలు పట్టుకెళ్తారు. అందులో సగం మంది ఆ కట్ట విప్పరని నాకు తెలుసు. జెరాక్స్ చేతికి రాగానే పాఠం చదివేసినంత తృప్తి వస్తుంది మరి. నేనూ అలాంటివాణ్నే. పదో తరగతిలో లెక్కలు తప్పాను. రిజల్ట్స్ వచ్చిన పేపర్లో నా నెంబరు కోసం మూడుసార్లు వెతుక్కున్నాను. లెక్కల గైడు మాత్రం ఆ ఏడాది నాలుగుసార్లు చదివాను.

ఇప్పుడు చెప్పబోయేది నా బేరం చెడగొట్టే మాటే. అయినా చెప్తాను.

మిషన్లో ఇరుక్కుని నలిగినవి, ఇంకు చారలు పడినవి, వంకరగా వచ్చినవి రోజుకి కొన్ని కాయితాలు పాడవుతాయి. వెనకవైపు తెల్లగానే ఉంటుంది. వాటిని కొట్టు ముందు ఒక అట్టపెట్టెలో వేస్తాను. పదో తరగతి వాళ్లు ఎన్ని కావాలంటే అన్ని ఊరికే తీసుకెళ్లొచ్చు. షరతు ఒక్కటే. వాటి మీద పుస్తకం చూసి ఒక్క ముక్క కూడా రాయకూడదు.

ఎలాగంటే, పాఠంలో ఒక నాలుగైదు పేజీలు ఇరవై నిమిషాలు చదవండి. పుస్తకం మూసి మంచం కిందకి తోసెయ్యండి. పక్కనే ఉంటే చెయ్యి ఊరుకోదు. ఇప్పుడు గుర్తున్నదంతా కాయితం మీద పెట్టండి. వరుస అక్కర్లేదు, దస్తూరీ అక్కర్లేదు, బొమ్మయితే బొమ్మ, ముక్కయితే ముక్క. రెండు మూడు నిమిషాలకే ఇంక ఏమీ రావట్లేదనిపిస్తుంది. అందరూ అక్కడే పుస్తకం తెరిచేస్తారు. తెరవకండి. ఇంకో ఐదు నిమిషాలు అలాగే కూర్చుని జుట్టు పీక్కోండి. నిజంగా పనికొచ్చేవి ఆ ఐదు నిమిషాలే. తర్వాత ఎర్ర పెన్ను తీసి, వదిలేసినవీ తప్పు రాసినవీ అదే కాయితం మీద సరిచెయ్యండి. మీకు రానివి ఏవో ఇప్పుడు ఎర్రగా కనిపిస్తాయి. రేపు మళ్లీ చూడాల్సింది వాటినే. పాఠమంతా మళ్లీ మొదటి నుంచి చదవనక్కర్లేదు.

మా అమ్మాయి మొదటిసారి ఇలా కూర్చున్నది జనవరిలో, జీవశాస్త్రంతో. గుండె బొమ్మ గీసి, ఎడమ జఠరిక ఉండాల్సిన చోట కుడి జఠరిక అని రాసింది. అంతకుముందు ఆ బొమ్మని నోట్సులో ఆరుసార్లు అందంగా గీసింది, అన్నీ చూసి గీసినవే. ఎర్ర పెన్ను పట్టుకునేసరికి కళ్లనీళ్లు. "నాకేటీ రాదు నాన్నా" అంది. పరీక్ష హాల్లో తెలిసేకంటే ఇంట్లో తెలియడం మేలు కదమ్మా అన్నాను. మొదటి వారం అందరికీ ఇలాగే ఉంటుంది. కాయితమంతా ఎర్రగా కనిపించేసరికి చాలామంది మానేసి మళ్లీ చదవడంలో పడతారు. చదువుతుంటే హాయిగా ఉంటుంది, అన్నీ తెలిసినట్టే ఉంటాయి. నన్ను లెక్కల్లో ముంచింది ఆ హాయే.

ఇదంతా నా సొంత తెలివి కాదు. డీఎస్సీకి చదివేవాళ్లు, బీఎడ్ వాళ్లు మనోవిజ్ఞానం నోట్సులు జెరాక్స్‌కి తెస్తుంటారు. మిషన్ తిరుగుతున్నంతసేపూ నేను చదువుతుంటాను. అందులో ఎబ్బింగ్‌హాస్ అని ఒక జర్మనీ ఆయన ఉంటాడు. అర్థం లేని అక్షరాల ముక్కలు తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్క కట్టి 1885లో పుస్తకం వేశాడు. ఒక్క రోజు గడిచేసరికి మూడింట రెండొంతులు పోయింది. ఆ తర్వాత మాత్రం మరుపు నెమ్మదిస్తుంది. అర్థం తెలిసి చదివిన పాఠం అంత తొందరగా పోదు కానీ, పోవడమైతే పోతుంది. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో చేసిన ప్రయోగం గురించి మా అమ్మాయే ఫోన్లో వెతికి చూపించింది. ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివినవాళ్లకి వారం తర్వాత 40 శాతం గుర్తుంది. ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా రాసినవాళ్లకి 61 శాతం గుర్తుంది. తమాషా ఏమిటంటే, చదివిన ఐదు నిమిషాలకే అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి. ఆ ఐదు నిమిషాల గెలుపు చూసుకునే మనం మోసపోతాం.

మరుపు మొదటి రోజే ఎక్కువ గనక మళ్లీ చూడటం కూడా మర్నాడే పడాలి. దీనికి టైం టేబుల్ చార్టులు కొనొద్దు (నా కొట్లో ఉన్నాయి, అయినా సరే). గోడ క్యాలెండర్ చాలు. మా ఇంట్లో దాని గడుల్లో పాల లెక్కా, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాస్తారు. వాటి పక్కనే మా అమ్మాయి పాఠాల పేర్లు రాసేది. ఈరోజు చదివిన పాఠం పేరు రేపటి గడిలో, నాలుగో రోజు గడిలో, వారం తర్వాతి గడిలో, మూడు వారాల తర్వాతి గడిలో. పొద్దున్న లేవగానే ఆ గడిలో ఏముందో చూసి, తెల్ల కాయితం తీసుకోవడమే. మొదటిసారి అరగంట పట్టిన పాఠం మూడోసారికి పది నిమిషాల్లో తేలిపోతుంది. మార్చిలో కళ్లు తెరిచేవాళ్లు మూడు వారాల గడి వదిలెయ్యండి, మర్నాటి గడి మాత్రం వదలొద్దు.

లెక్కలకి తెల్ల కాయితం ఒక్కటే సరిపోదు. త్రికోణమితి చాప్టర్ చేస్తున్నప్పుడు ప్రతి లెక్కా త్రికోణమితే అని ముందే తెలుసు. పరీక్ష పేపర్లో ఏ లెక్క ఏ చాప్టర్‌దో ఎవరూ రాసిపెట్టరు. నేను తప్పింది అక్కడే. ఉదాహరణకి టవర్ నీడ లెక్క. సూర్యుడి ఊర్ధ్వకోణం 60 డిగ్రీలు అని ఇస్తే అది త్రికోణమితి. 2 మీటర్ల కర్ర నీడ 3 మీటర్లు, అదే సమయంలో టవర్ నీడ 45 మీటర్లు అని ఇస్తే అది సరూప త్రిభుజాలు, జవాబు 30 మీటర్లు. రెండింట్లోనూ టవరే, నీడే. అందుకని పాత పేపర్లు, మోడల్ పేపర్లు జెరాక్స్ తీయించి (ఈ ఒక్క జెరాక్స్‌కి నాకు అభ్యంతరం లేదు) లెక్కలన్నీ చీటీలుగా కత్తిరించండి. ఖాళీ డబ్బాలో వేసి కలపండి. రోజుకి ఐదు చీటీలు తియ్యండి. లెక్క చేసేముందు ఇది ఏ చాప్టర్, ఎందుకు అన్నది ఒక్క మాట పైకి చెప్పండి. టైం లేని రోజు ఆ మాట చెప్పి చీటీ మళ్లీ డబ్బాలో పడేసినా పర్వాలేదు.

సైన్సుకి మా ఇంట్లో మా అమ్మ పనికొచ్చింది. ఆవిడ బడికి వెళ్లలేదు. మా ఇంట్లో పాత రాగి చెంబు ఒకటి, బుడితిలో కొన్న ఇత్తడి బిందె ఒకటి ఉన్నాయి. చెంబు పచ్చబడితే ఆవిడ చింతపండుతో తోముతుంది. "చింతపండుకి ఎందుకు మెరుస్తాదే?" అని మనవరాల్ని అడిగింది. గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్‌తో రాగి కలిసి కాపర్ కార్బనేట్ పొర ఏర్పడుతుంది, చింతపండులోని ఆమ్లం దాన్ని కరిగిస్తుంది అని మా అమ్మాయి గడగడా చెప్పింది. "ఆమ్లం అంటే ఏటి?" అంది ఆవిడ. అక్కడ ఆగిపోయింది పిల్ల. బట్టీ ఎక్కడిదాకా ఉందో, అర్థం ఎక్కడ తెగిందో ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోయింది. ఇంట్లో చదువుకోని పెద్దవాళ్లుంటే వాళ్లకి చెప్పి చూడండి, బిడియపడకండి. ఇత్తడిలో రాగితోపాటు జింక్, కంచులో రాగితోపాటు తగరం అన్న ముక్క కూడా ఆ బిందె దగ్గరే నేర్చుకుంది.

హైలైటర్ల సంగతి. పసుపు, గులాబి, ఆకుపచ్చ అన్నీ నేనే అమ్ముతాను. పేజీ మొత్తం పసుపు పూసిన పుస్తకాలు రోజూ చూస్తాను. రంగు పుయ్యడం తప్పని అనను, దాన్ని చదువు లెక్కలో వెయ్యొద్దంటాను.

ఇక పేపరు. ఈమధ్య మన ఆంధ్రప్రదేశ్ పదో తరగతి లెక్కల పేపర్లో 33 ప్రశ్నలుంటున్నాయి. 1 మార్కువి 12, 2 మార్కులవి 8, 4 మార్కులవి 8, 8 మార్కులవి 5. నిమిషాలు పంచి చూడండి. 8 మార్కులదానికి 15 నిమిషాలు, 4 మార్కులదానికి 8, 2 మార్కులదానికి 3, 1 మార్కుదానికి 1 వేస్తే మొత్తం 175 అవుతుంది. ఉన్నవి మూడుంపావు గంటలు, అంటే 195. పేపరు చదువుకోవడానికి పావుగంట తీసేస్తే చేతిలో మిగిలేది 5 నిమిషాలు. అందుకే ఫిబ్రవరి నుంచి ఆదివారాలు సరిగ్గా తొమ్మిదిన్నరకి కూర్చుని పన్నెండు ముప్పావు దాకా లేవకుండా ఒక పేపరు రాయండి. చెయ్యి నొప్పెడుతుంది. ఆ నొప్పి కూడా ముందే అలవాటవ్వాలి.

పన్నెండు దాకా చదివి నాలుగింటికి లేచే పిల్లల్ని కొట్లో చూస్తుంటాను, చిల్లర కూడా సరిగ్గా లెక్కపెట్టుకోలేరు. చదివింది బుర్రలో కుదురుకోవాలంటే నిద్ర కావాలి. నాలుగింటికి లేవాలంటే తొమ్మిదింటికి పడుకోవాలి, లేదంటే ఆరింటికి లేవండి.

పరీక్ష ముందురోజు కొత్త పాఠం ముట్టుకోవద్దు. ఆ సబ్జెక్టు కాయితాలన్నీ తీసి ఎర్ర రాతలు మాత్రం చూసుకోండి. హాల్ టికెట్ జెరాక్స్ రెండు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాగులో పెట్టండి. రాత్రి మర్చిపోతే కంగారు పడొద్దు. పరీక్షల రోజుల్లో కొట్టు ఏడింటికే తీస్తాను.