కళాయి, అతుకు, తొమ్మిది పిన్నుల కేబుల్

మా షెడ్డులో కొత్తగా పనికి చేరినవాళ్ళకు మొదటి రోజు సోల్డరింగ్ ఐరన్, అంటే తగరం కరిగించి తీగలు అతికే కాలే కడ్డీ, చేతికివ్వను. ఒక తీగచుట్ట, ఒక స్ట్రిప్పరు, ఒక భూతద్దం ఇచ్చి కూర్చోబెడతాను. సాయంత్రం దాకా తీగల తొక్క ఒలవడమే పని. చాలామంది మొహాలు చిన్నబోతాయి. "రెండేళ్ళు ఐటీఐ చదివి వచ్చింది చిక్కుడుకాయలు ఒలిచినట్టు తీగలు ఒలవడానికా అక్కా?" అని ఒక అమ్మాయి సూటిగానే అడిగింది. అవును, దానికే అన్నాను.

హైదరాబాద్ చెర్లపల్లి పారిశ్రామికవాడలో ఇంకొకరి కింద పదకొండేళ్ళు, సొంతంగా తొమ్మిదేళ్ళు ఇదే పని చేశాను: కేబుళ్ళు కట్టడం, బోర్డుల మీద సోల్డరింగ్. ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నేర్చుకోవచ్చు. నా బల్ల దగ్గర ఏ వరుసలో నేర్పుతానో అదే వరుసలో రాస్తున్నాను.

ముందు తీగ

కోఠి గుజరాతీ గల్లీలోనో, మీ ఊళ్ళో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే కొట్లోనో 7/36 తీగ అడగండి. ముప్పై ఆరో నంబరు గేజి పోగులు ఏడు కలిపి పేనిన తీగ అది. ఒక్కో పోగు మందం 0.19 మిల్లీమీటర్లు, తలవెంట్రుకకు రెండు మూడింతలు. స్ట్రిప్పరులో ఒక గాడి చిన్నది పట్టుకున్నారంటే తొక్కతో పాటు ఒకటో రెండో పోగులు తెగి వచ్చేస్తాయి. తెగి ఊడితే నయం, కంటికి కనిపిస్తుంది. గీత పడి ఊరుకున్న పోగుతోనే చిక్కంతా. అది ఇవాళ తెగదు. కేబుల్ ఎక్కడో ఒక యంత్రానికి బిగించి, నాలుగు నెలలు అటూ ఇటూ వంగాక తెగుతుంది.

అందుకే ఐదు మిల్లీమీటర్ల చొప్పున వంద కొసలు ఒలిచి, ఒక్కోదాన్నీ భూతద్దం కింద చూడమంటాను. ఏడు పోగులూ ఉన్నాయా? ఏ పోగు మీదైనా గీత మెరుస్తోందా? తొక్క అంచు నలిగిందా? పంటితో లాగే అలవాటు ఉన్నవాళ్ళు దాన్ని ఆ రోజే మానేయాలి. పంటికీ మంచిది కాదు, తీగకూ మంచిది కాదు. ఒలిచాక విచ్చుకున్న పోగుల్ని అవి పేనుకున్న వైపుకే మెల్లగా తిప్పండి. ఎదురు తిప్పితే చీపురుకట్టలా విడిపోతాయి.

కళాయి వేసినట్టు

నా చిన్నప్పుడు మా వీధిలోకి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే ఆయన వచ్చేవాడు. గిన్నెను బొగ్గుల మీద బాగా కాల్చి, లోపల నవాసాగరం చల్లేవాడు. గుప్పున తెల్లని పొగ లేచేది. అప్పుడు తగరం పుల్లను గిన్నెకే తాకించేవాడు. అది కరగగానే దూదితో ఒక్క చుట్టు తుడిస్తే లోపలంతా వెండిలా మెరిసేది. సోల్డరింగ్‌లో ఉన్నదంతా ఆ గిన్నెలో ఉంది. తగరాన్ని విడిగా కరిగించి గిన్నెలో పోస్తే అంటుకోదు, జారిపోతుంది. కాలిన గిన్నే తగరాన్ని కరిగించుకోవాలి. నవాసాగరం లోహం మీది మురికిని తినేస్తుంది. మన దగ్గర ఆ పని చేసేది ఫ్లక్స్. ఎలక్ట్రానిక్స్‌కు వాడే సోల్డర్ తీగ నడిబొడ్డున సన్నని గొట్టంలా పైన్ చెట్ల జిగురుతో చేసిన రోజిన్ నింపి ఉంటుంది. నీళ్ళ పైపులకు వాడే ఆమ్లపు పేస్టును మాత్రం దగ్గరికి రానివ్వకండి. అప్పటికి చక్కగా అతుకుతుంది గానీ తర్వాత రాగిని పచ్చగా తినేస్తుంది.

మొదట కొనాల్సింది 63/37 సోల్డర్: తగరం 63 పాళ్ళు, సీసం 37. ఇది కచ్చితంగా 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, ఒక్కసారిగా గడ్డకడుతుంది. 60/40 అయితే నడుమ కాసేపు ముద్దగా ఉంటుంది. ఆ సమయంలో చెయ్యి కదిలితే అతుకు చెడుతుంది, కొత్త చేతులు కదలకుండా ఉండవు. ఐరోపా సమాఖ్య 2006 జూలై నుంచి చాలా పరికరాల్లో సీసాన్ని కట్టడి చేసింది కాబట్టి ఎగుమతి సరుకుకు సీసం లేని సోల్డరే వాడతాం. దానికి 217 డిగ్రీలు దాటాలి, పైగా అతుకు మెరవదు. అది చేయి తిరిగాక చూసుకోవచ్చు.

ఐరన్ విషయంలో పిసినారితనం వద్దంటాను. 25 వాట్ల మామూలు ఐరన్‌తో నేర్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ వేడిని అదుపు చేసే స్టేషన్ ఉంటే మీ తప్పు ఏదో, ఐరన్ తప్పు ఏదో తేడా తెలుస్తుంది. 330 నుంచి 350 డిగ్రీల మధ్య పెట్టండి. 183కే కరిగేదానికి అంత ఎందుకంటే, మొన తాకగానే తీగా పిన్నూ ఆ వేడిని పీల్చేసుకుంటాయి. సూదిమొన చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ వేడిని అందించలేదు. ఉలి ఆకారపు మొన తీసుకోండి. పూర్వం వట్టి రాగి మొనలుండేవి, నల్లబడితే ఆకురాయితో అరగదీసేవాళ్ళం. ఇప్పటివాటికి పైన ఇనుప పూత ఉంటుంది. ఆకురాయి పెడితే ఆ మొన పని అయిపోయినట్టే. ఇత్తడి పీచులో గుచ్చి తుడిచి, స్టాండులో పెట్టేముందు కొంచెం సోల్డర్ పూసి ఉంచండి. ఆ పూత పొదుపు చేసి మొనలు మాడ్చుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

వంద అతుకులు, తర్వాత వాటిని పాడుచేయడం

ఇంటి వైరింగ్‌లో మిగిలిన 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ తీసుకుని, తొక్క ఒలిచి, రాగిని నిలువు ఐదు, అడ్డం ఐదు ముక్కలుగా జల్లెడలా పేర్చండి. ఇరవై ఐదు కూడళ్ళు వస్తాయి, ఇలాంటివి నాలుగు చేస్తే వంద. మొనను రెండు తీగలకూ ఒకేసారి తాకించండి. ఒకటీ రెండూ అనుకునేంత సేపు ఆగి, సోల్డర్‌ను మొనకు కాకుండా ఎదురువైపు రాగికి తాకించండి. కరిగి తనంతట తానే కూడలిలోకి పాకుతుంది. ముందు సోల్డర్ తీయండి, తర్వాత ఐరన్ తీయండి. ఊదకండి. ఊదితే త్వరగా చల్లారుతుంది, అదే దాని ముప్పు.

ఆరిన తర్వాత కట్టింగ్ ప్లేయరుతో లాగి చూడండి. పట్టిన అతుకు దగ్గర రాగి వంగుతుంది. పట్టనిది చిటుక్కున విడిపోతుంది, లోపల సోల్డర్ అంటని రాగి ఎర్రగా కనిపిస్తుంది. చేసినవాటిని విరిచి చూడటం చాలామందికి మనసొప్పదు. విరవకుండా నేర్చుకున్నవాళ్ళెవరూ నాకు తారసపడలేదు.

తర్వాత జీరో పీసీబీ, అంటే వరుసగా చిల్లులున్న ఖాళీ బోర్డు మీద పాత రెసిస్టర్ల కాళ్ళు పెట్టి మరో వంద. మంచి అతుకు వాలు కొండలా, కాలిని చుట్టుకుని పుటాకారంగా దిగుతుంది. శనగగింజలా గుండ్రంగా నిలబడితే సోల్డర్ ఎక్కువైంది, లేదా పట్టలేదు. ఒక్కో అతుకుకు రెండు మూడు క్షణాలు చాలు. ఐదు దాటినా పని కాకపోతే ఐరన్ తీసేసి కారణం వెతకండి. మొన నల్లబడి ఉంటుంది, లేకపోతే కాలికి తుప్పు పట్టి ఉంటుంది. అలాగే నొక్కిపట్టి ఉంచితే బోర్డు మీది రాగి చుట్టు లేచి ఊడిపోతుంది. తప్పుగా పడిన సోల్డర్ తీయడానికి సక్కర్ పంపు, రాగి అల్లిక టేపు, రెండూ ఉంచుకోండి.

పొగ గురించి ఒక మాట. ఆ వేడికి సీసం ఆవిరి కాదు. లేచేది రోజిన్ పొగ, రోజూ పీలిస్తే ఉబ్బసం తెస్తుంది. పొగను మీ మొహానికి దూరంగా లాగేలా చిన్న ఫ్యాను పెట్టుకోండి. సీసం వేళ్ళ మీది నుంచి నోట్లోకి వెళ్తుంది. మూడో చెయ్యి లేదని సోల్డర్ తీగను పళ్ళ మధ్య పట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నా బల్ల మీద అలా చేస్తే ఆ పూట పని ఉండదు. బల్ల దగ్గర టీ కూడా ఉండదు, లేచేటప్పుడు సబ్బుతో చేతులు కడగాలి. చున్నీ వెనక్కి ముడి వేసుకోవాలి, జుట్టు కట్టుకోవాలి. చెయ్యి కాలితే పేస్టూ పసుపూ వద్దు, కుళాయి కింద ఇరవై నిమిషాలు ఉంచాలి.

తొమ్మిది పిన్నులు

ఇప్పుడు నిజమైన కేబుల్. డీబీ9 అని అందరూ పిలిచే తొమ్మిది పిన్నుల కనెక్టర్‌తో మొదలుపెట్టిస్తాను. కాటాలకూ, ఫ్యాక్టరీ యంత్రాలకూ ఇప్పటికీ వాడుతున్నారు. వెనకవైపు ప్రతి పిన్నుకూ బియ్యపుగింజ అంత దొప్ప ఉంటుంది. దొప్పలో సోల్డర్ నింపి, కరిగి ఉండగానే ముందే కళాయి వేసుకున్న, అంటే పలచగా సోల్డర్ పట్టించిన తీగ కొసను అడుగు తాకే దాకా దించి, కదలకుండా పట్టుకోవాలి. నిండీ నిండనట్టు ఉండాలి, పొంగి బయటికి కారకూడదు. తొక్క అంచు దొప్పలోకి దూరకూడదు, అలాగని తీగ మందం కంటే దూరంగానూ ఉండకూడదు. తీగకు కళాయి వేసేటప్పుడు సోల్డర్ తొక్క కిందికి పాకనివ్వకండి. పాకినంత మేరా తీగ పుల్లలా బిరుసెక్కి, సరిగ్గా ఆ హద్దు దగ్గరే విరుగుతుంది. ఆ హద్దును కాపాడటానికే పైన ష్రింక్ ట్యూబు, అంటే వేడి తగిలితే ముడుచుకుని పట్టుకునే గొట్టం, తొడుగుతాం. దాన్ని తీగకు ముందే ఎక్కించుకోవాలి. తొమ్మిదో తీగ అతికాక ట్యూబులు బల్ల మీదే మిగిలిపోవడం ప్రతివాళ్ళకూ ఒకసారి జరుగుతుంది. నాకు ఒకసారి కాదు.

అంతకంటే పెద్ద తప్పు చెబుతాను. పనిలో చేరిన రెండో ఏడు నలభై కేబుళ్ళు ఒక్కదాన్నే చేశాను. అతుకులు అద్దంలా వచ్చాయి. బొమ్మలో కనెక్టర్ ఎదురుగా చూసినట్టు గీశారు. నేను వెనక నుంచి అతికాను. ఎడమ కుడి అయింది: ఒకటి ఐదు స్థానంలో, రెండు నాలుగు స్థానంలో, కింది వరుసలో ఆరు తొమ్మిది స్థానంలో, ఏడు ఎనిమిది స్థానంలో. నడుమ ఉన్న మూడు ఒక్కటే సరిగ్గా పడింది. రెండు కొసలూ ఒకే తీరుగా తిరగబడ్డాయి కాబట్టి, తీగ ఈ కొస నుంచి ఆ కొసకు కలిస్తే మోగే మల్టీమీటరు పెట్టినా మోగింది. తీగలు ఒకదానికొకటి సరిపోయాయి, రంగులే తారుమారు. అవతల ఒక కొసను విప్పి రంగుల ప్రకారం వేరే కనెక్టర్ వేసుకున్న రోజున బయటపడింది. మూడు రాత్రులు కూర్చుని విప్పాను. అప్పటి నుంచి బొమ్మను నమ్మను. కనెక్టర్ ప్లాస్టిక్ మీద పిన్ను పక్కనే చీమ తలంత అంకెలు అచ్చు వేసి ఉంటాయి, భూతద్దంతో వాటినే చదువుతాను. మా దగ్గర నేర్చుకునేవాళ్ళు అంకె పైకి చదివి, తీగ రంగు పైకి చెప్పి, అప్పుడు అతుకుతారు. షెడ్డు పంతులు లేని ఎక్కాల బడిలా ఉంటుంది.

సోల్డర్ వద్దన్న చోట

జేఎస్‌టీ, మోలెక్స్ లాంటి కంపెనీల తెల్ల కనెక్టర్లలో తీగ కొసకు తొడిగే లోహపు ముక్కలకు, అంటే టెర్మినళ్ళకు నొక్కుడు పని, అంటే క్రింపింగ్. ఇక్కడ తీగకు కళాయి వేయకూడదు. సోల్డర్ మెత్తని లోహం, నొక్కిన ఒత్తిడికి నెలల తరబడి కొద్దికొద్దిగా జారి వదులవుతుంది. స్క్రూ బిగించే టెర్మినళ్ళకూ ఇదే మాట. టెర్మినల్‌కు రెండు జతల రెక్కలుంటాయి. లోపలి జత రాగిని పట్టాలి, బయటి జత తొక్కను కౌగిలించుకోవాలి. రెండింటి మధ్య ఖాళీలో తొక్క అంచూ, కొంచెం రాగీ కనిపించాలి. మామూలు ప్లేయరుతో నొక్కితే రెక్కలు చదునవుతాయి తప్ప లోపలికి చుట్టుకోవు. రాట్చెట్ ఉన్న క్రింపరు కొనండి, పూర్తిగా నొక్కేదాకా అది దవడ విప్పదు.

పరీక్షకు, 22 ఏడబ్ల్యూజీ (అమెరికా గేజి లెక్క) తీగ క్రింపు 8 పౌండ్ల లాగుడు తట్టుకోవాలంటుంది అమెరికా భద్రతా సంస్థ యూఎల్ ప్రమాణం. మన లెక్కలో 3.6 కిలోలు. యంత్రం లేనివాళ్ళు నాలుగు లీటర్ల నీళ్ళ డబ్బా వేలాడదీసి ఒక నిమిషం చూడండి. కాళ్ళు డబ్బా కింద పెట్టకండి.

కేబుళ్ళకు ఏది మంచి, ఏది చెడు అని ఫొటోలతో సహా చెప్పే ప్రమాణం ఒకటుంది, ఏ-620 అంటాం. బోర్డులకైతే ఏ-610. రెండూ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం ఐపీసీవి. పెద్ద కంపెనీలో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు ఆ సర్టిఫికెట్ గురించి కనుక్కోండి, ఇంటర్వ్యూలో ఎలాగూ అడుగుతారు. వాటిలో సరుకును మూడు తరగతులు చేశారు. ఆగితే ప్రాణం మీదికి వచ్చేవి, వైద్య పరికరాల వంటివి, మూడో తరగతి.

చివరి పరీక్షకు మల్టీమీటరును బీప్ మీద పెట్టి ఒకటి నుంచి ఒకటికి, రెండు నుంచి రెండుకు మోగుతుందో లేదో చూస్తే సగమే అయింది. మోగకూడనివి మోగడం లేదని కూడా చూడాలి. తొమ్మిది పిన్నులకు ముప్పై ఆరు జతలు, లోహపు చట్రాన్ని కలుపుకుంటే నలభై ఐదు. విసుగే, అయినా అన్నీ చూడాలి. తర్వాత ప్రోబులు తీయకుండా, కనెక్టర్ మెడ దగ్గర కేబుల్‌ను పైకీ కిందికీ, పక్కలకూ వంచుతూ వినండి. బీప్ ఒక్క క్షణం తడబడితే ఆ కొస కత్తిరించి మళ్ళీ చేయండి. తొక్క ఒలవడానికా అని అడిగిన అమ్మాయి ఇప్పుడు మా దగ్గర ఈ పరీక్ష బల్ల దగ్గరే కూర్చుంటుంది. పోయిన వారం నేను అతికిన కేబుల్ ఒకటి వెనక్కి పంపింది, ఏడో తీగలో ఒక పోగు లేదట. భూతద్దం పెట్టి చూశాను, ఆరే ఉన్నాయి.