టేపౌట్‌కు ముందు లాచప్ జాగ్రత్తలు

నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో రేడియేషన్ తట్టుకునే చిప్ ప్రాజెక్టు చేసేవాళ్లకు, టేపౌట్‌కు (డిజైన్‌ను తయారీకి పంపడానికి) ముందుగా ఒక మాట: ఒకే సర్క్యూట్‌కు మూడు కాపీలు పెట్టి ఓటింగ్ (రెండు చెప్పిందే లెక్క) చేయిస్తే రేడియేషన్ వల్ల వచ్చే బిట్ తారుమారుకు సరిపోతుంది, లాచప్‌కు (చిప్‌లో సప్లై నుంచి గ్రౌండ్‌కు షార్ట్ లాంటి దారి పడి, కరెంటు ఆపేదాకా వదలకపోవడానికి) సరిపోదు. మూడూ ఒకే సప్లై మీద ఉంటే మూడూ పోతాయి.

• గార్డ్ రింగులు (ట్రాన్సిస్టర్ల చుట్టూ వేసే రక్షణ వలయాలు): ఎన్-వెల్‌లో ఎన్‌ప్లస్ రింగు వీడీడీకి (ప్లస్ సప్లైకి), పీ-సబ్‌స్ట్రేట్‌లో పీప్లస్ రింగు గ్రౌండ్‌కు. చుట్టూ తెగకుండా రావాలి. మెటల్ లైనుకు దారి ఇవ్వడానికి ఒక పక్క కాంటాక్టులు తీసేస్తే అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది, సుమారు 0.7 వోల్టుల డ్రాప్ రాగానే పారాసిటిక్ ట్రాన్సిస్టర్ (మనం పెట్టకుండానే పొరల మధ్య ఏర్పడేది) ఆన్ అయి లాచప్ మొదలవుతుంది.

• వెల్ ట్యాప్‌లు (వెల్‌ను, సబ్‌స్ట్రేట్‌ను సప్లైకి, గ్రౌండ్‌కు కలిపే కాంటాక్టులు): డీఆర్‌సీ (లేఅవుట్ రూల్స్ తనిఖీ) పాసైందని ఆగొద్దు. ఆ రూలు మామూలు వాడకానికి రాసింది, హెవీ అయాన్‌కు (రేడియేషన్‌లోని బరువైన కణానికి) ట్యాప్‌లు ఇంకా దగ్గరగా వేయాలి.

• హోల్డింగ్ వోల్టేజీ (లాచప్ నిలవడానికి కావలసిన కనీస వోల్టేజీ) గరిష్ఠ వీడీడీ కంటే ఎక్కువుందా? వేడికి అది తగ్గుతుంది కాబట్టి 125 డిగ్రీల దగ్గర చూడండి. ఏసీ ల్యాబులో 25 డిగ్రీల దగ్గర వచ్చిన ఫలితాన్ని నమ్మొద్దు, మన మే ఎండలో పెట్టిన డబ్బా లోపలే 25 డిగ్రీలకు మించి ఉంటది.

• కరెంటు కట్ సర్క్యూట్ (లాచప్ రాగానే సప్లై ఆపేది): ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. సప్లై ఆపినా, ఇన్‌పుట్ పిన్నుల మీది సిగ్నల్ ఈఎస్‌డీ డయోడ్ల (స్టాటిక్ కరెంటు దెబ్బ నుంచి పిన్నులను కాపాడేవాటి) గుండా దొంగదారిన కరెంటిస్తే లాచప్ వదలదు. ఇన్‌పుట్లనూ తెంచాలి, డీకప్లింగ్ కెపాసిటర్లు (సప్లై మీద చార్జ్ నిలవ ఉంచేవి) ఖాళీ అయ్యేదాకా ఆగి మళ్లీ ఆన్ చేయాలి.