తిరిగొచ్చే దారి చూసుకున్నాకే రిఫ్రెష్ రేటు మార్చండి

నాది లినక్స్ మింట్ ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద సినమన్ డెస్క్‌టాప్, 24 అంగుళాల మానిటర్, హెచ్‌డీఎంఐ కేబుల్. రిఫ్రెష్ రేటు అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ చూపిస్తుందో ఆ లెక్క, హెర్ట్జ్‌లలో. మానిటర్ పెట్టె మీద 75 హెర్ట్జ్ అని ఉన్నా మింట్ 60తోనే మొదలైంది. మార్చడం తేలికే. తెర నల్లబడితే మౌస్ ఎక్కడుందో కూడా కనబడదు, అదే టెన్షన్. కాబట్టి 60కి ఎలా తిరిగి రావాలో ముందు చూసుకుంటాను.

తెరిచి ఉన్న ఫైళ్ళన్నీ సేవ్ చేసి, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే తెరవండి. కావలసిన రేటు జాబితాలో ఉంటే ఎంచుకుని అప్లై కొట్టండి. మార్పు ఉంచాలా అని అడుగుతుంది. ఏమీ కనబడకపోతే కీబోర్డు ముట్టుకోకుండా కూర్చోండి. గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్‌లో అయితే 20 సెకన్లకు పాత రేటు దానంతటదే వచ్చేస్తుంది. ఆ చీకట్లో తోచిన కీ నొక్కితే "ఉంచు" అన్నట్టయినా కావచ్చు.

నాకైతే టెర్మినలే (కమాండ్లు టైపు చేసే విండో) ఇష్టం. ఎక్స్, ఆర్, ఏ, ఎన్, డీ, ఆర్ అక్షరాలు కలిపి చిన్నబడిలో కొడితే మానిటర్ పేరు, అది ఒప్పుకునే రేట్లు వస్తాయి. ఇప్పుడు నడుస్తున్న దాని పక్కన నక్షత్రం గుర్తు, మానిటర్ కోరుకునే దాని పక్కన ప్లస్ ఉంటాయి. ఇక అసలు కిటుకు: 75 పెట్టే కమాండ్ (పై కమాండే, మానిటర్ పేరు, రేటు జోడించి), స్లీప్ 20 (అంటే 20 సెకన్లు ఆగమని), మళ్ళీ 60 పెట్టే కమాండ్, ఈ మూడింటినీ మధ్యలో సెమీకోలన్లతో ఒకే వరుసలో రాసి ఎంటర్ కొట్టండి. తెర బాగుంటే 20 సెకన్లలోపు కంట్రోల్ సీ నొక్కితే 75 అలాగే ఉంటుంది. లేకపోతే 60 దానికదే వస్తుంది. ఇలా పెట్టిన రేటు రీస్టార్ట్ చేస్తే పోతుంది, పరీక్షకు అదే మంచిది. తెర మీద బొమ్మలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్‌లో మాత్రం ఈ కమాండ్‌తో రేటు మార్చలేం, అక్కడ సెట్టింగ్సే గతి.

జాబితాలో మీ రేటు లేదా? ముందు కేబుల్, పోర్టు చూడండి. హెచ్‌డీఎంఐ 1.4లో 4కె 30 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది, 60 కావాలంటే 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండాలి. లేని రేటును సీవీటీ (తెర టైమింగులు లెక్కగట్టే ప్రమాణం) లెక్కలతో బలవంతంగా ఎక్కించే పద్ధతి ఒకటుంది. పాత సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబు) మానిటర్లు అలా దెబ్బతినే ప్రమాదం ఉండేది. ఇప్పటి ఎల్‌సీడీలు ఎక్కువగా "ఔట్ ఆఫ్ రేంజ్" అని చూపించి ఊరుకుంటాయి. అయినా నేను దాని జోలికి పోను. 60కి ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, 75కి 13.3. ఆ తేడా కోసం మానిటర్‌తో కుస్తీ ఎందుకు?

చెడు రేటు సేవ్ అయిపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల తెర వస్తుంది. లాగిన్ అయి, హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో మానిటర్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు పేరు మార్చి రీస్టార్ట్ చేయండి. సినమన్‌లో ఆ ఫైలు పేరు ముందు సినమన్ అని, మధ్యలో హైఫన్ ఉంటాయి.