మొదటి భాగం సగమే నచ్చింది, రెండోది కొనాలా?

ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర ‘ది ఐ ఆఫ్ ది వరల్డ్’ 180 రూపాయలకు దొరికింది. రాబర్ట్ జోర్డాన్ 1990లో మొదలుపెట్టిన ‘వీల్ ఆఫ్ టైమ్’ ఫాంటసీ సిరీస్‌లో మొదటి నవల. ఆఫీసుకు పోతూ వస్తూ మెట్రోలో మూడు వారాలు చదివాను. ‘ఎలా ఉందక్కా?’ అని మా చెల్లెలు అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. నచ్చింది, విసుగూ పుట్టింది. ఇలాంటప్పుడు నేను ఎలా తేల్చుకుంటానో చెబుతా.

పుస్తకం మూయగానే మార్కులు వేయకండి. వారం ఆగి, పేజీ తిప్పకుండా ఏం గుర్తుందో వెనక ఖాళీ పేజీలో పెన్సిల్‌తో రాయండి. నాకు పండగ ముస్తాబులో ఉన్న పల్లె, ఆ ముందు రాత్రే దాని మీద పడ్డ మృగాలు కళ్ళకు కట్టినట్టున్నాయి. క్లైమాక్స్ మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. తిరగేసి చూశాను, అప్పుడూ సగమే అర్థమైంది. అంత దూరం నడిపించి చివర్లో పరుగు పెట్టించాడు మహానుభావుడు.

తర్వాత విసుగు ఎవరి పుణ్యమో చూడండి. పొద్దున మియాపూర్‌లో ఎక్కితే సీటు దొరుకుతుంది. సాయంత్రం నాంపల్లిలో ఎక్కితే కూకట్‌పల్లి దాకా నిలువుకాళ్ళ మీదే. అలా చదివిన అధ్యాయాల్లో రెండింటిని ఆదివారం మళ్ళీ చదివితే బాగానే ఉన్నాయి. పేర్లు గుర్తుండట్లేదని తిట్టుకున్నాను గానీ, వెనక పదకోశం ఉందని 200 పేజీలు దాటాక గానీ చూసుకోలేదు. ఆ తప్పు నాదే. ఇద్దరు కుర్రాళ్ళు సత్రం తర్వాత సత్రంలో వేణువు వాయించి, బంతులు ఎగరేసి పొట్టపోసుకునే భాగం మాత్రం పుస్తకం తప్పే. మన కాశీమజిలీ కథల్లోనూ మజిలీ తర్వాత మజిలీయే, కానీ ఆగిన ప్రతిచోటా మణిసిద్ధుడు ఒక కథ చేతిలో పెడతాడు. ఇక్కడ నడకే మిగిలింది.

ఇక అసలు పరీక్ష: తర్వాత ఏమైందో తెలుసుకోవాలనిపించే మనిషి ఒక్కరైనా ఉన్నారా? లోకం మునుగుతుందా తేలుతుందా అన్నది లెక్కలోకి తీసుకోకండి, ఈ రకం నవలలన్నిట్లో అది మునగబోతూనే ఉంటుంది. నాకు నైనీవ్ ఉంది. ఊరి పిల్లల్ని వెతుక్కుంటూ ఒంటరిగా వెంటపడి వచ్చిన వైద్యురాలు, కోపమొస్తే తన జడ తనే లాక్కుంటుంది.

సిరీస్ పూర్తయిందో లేదో కూడా కనుక్కోండి. ఇది 14 భాగాలు. జోర్డాన్ 2007లో పోతే, ఆయన నోట్స్ ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ చివరి మూడూ రాసి 2013లో ముగించాడు. సెట్టు మొత్తం ఒకేసారి కొనకండి, ఒక్కోటీ చాలు.

పాత పుస్తకమైతే చివరి పేజీలు చూడందే డబ్బులు తీయొద్దు. మొన్న ఆదివారం రెండో భాగం కనిపించింది. 220 అన్నాడు, 150కి దిగాడు. వెనక చూస్తే నాలుగు పేజీలు లేవు.

‘మూడోది ఫుల్లుగా ఉంది మేడం, ఇవ్వమంటారా?’ అన్నాడు.