కీమోకి ముందు, తర్వాత: రొమ్ము కణితిలో రక్తనాళాలు ఎలా లెక్కపెట్టాలి

థీసిస్ టాపిక్ ఎంచుకునే రోజుల్లో పాథాలజీ పీజీ పిల్లలు ఎవరో ఒకరు నా గదికి వచ్చి, "మేడమ్, కీమోకి ముందూ తర్వాతా వెసెల్స్ లెక్కపెడతాను" అంటారు. నాకు ఇష్టమైన టాపిక్ అది. కొత్త రక్తనాళాలు పుట్టకపోతే కణితి కొద్ది మిల్లీమీటర్లు దాటి పెరగలేదని అమెరికన్ సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లో రాశారు. 1991లో వైడ్నర్ బృందం రొమ్ము క్యాన్సర్‌లో ఆ నాళాలను లెక్కపెట్టే పద్ధతి చూపించింది. ఇప్పటికీ మనం చేసేది దాదాపు అదే.

కీమోకి ముందు సూదితో తీసిన కోర్ బయాప్సీ, తర్వాత ఆపరేషన్‌లో వచ్చిన ముక్క, ఈ రెండింటి మైనపు బ్లాకులూ ఒకే పేషెంట్‌వి ఉండాలి. రెండింటినీ ఒకే బ్యాచ్‌లో స్టెయిన్ చేయించండి. వేర్వేరు రోజుల్లో చేయిస్తే నాళాలకు పట్టే గోధుమ రంగు చిక్కదనం మారిపోతుంది, ఆ తేడా కీమో ఖాతాలో పడుతుంది.

నాళాల గోడ కణాలను పట్టుకుని రంగు చూపించే యాంటీబాడీ విషయంలో నా ఓటు సీడీ34కే. ఇంకో యాంటీబాడీ సీడీ31 మాక్రోఫేజ్‌లను (చచ్చిన కణాలను తినే కణాలను) కూడా పట్టుకుంటుంది. కీమో తర్వాత కణితి చచ్చిన చోట నురగ నురగగా కనిపించే మాక్రోఫేజ్‌లు గుంపులుగా చేరతాయి, వాటి మధ్య నాళాన్ని వెతకడం కష్టం. సీడీ34తో ఇంకో చిక్కుంది: మామూలు రొమ్ము స్ట్రోమాలోని (ఆధార కణజాలంలోని) ఫైబ్రోబ్లాస్టులకీ, అంటే పీచు తయారుచేసే కణాలకీ, రంగు పడుతుంది. సన్నగా, పొడుగ్గా, ఎటూ కలవకుండా విడివిడిగా ఉన్న గీతలు చూస్తే నాళాలని తొందరపడి లెక్కేయకండి.

ముందు 4 ఎక్స్, 10 ఎక్స్ ఆబ్జెక్టివ్‌లలో స్లైడ్ అంతా తిప్పి, నాళాలు బాగా కిక్కిరిసిన చోట్లు పట్టుకోండి. అవే హాట్‌స్పాట్‌లు. తర్వాత 20 ఎక్స్‌కి వెళ్లి మూడింటిలో లెక్కపెట్టండి. పక్కవాటితో కలవకుండా గోధుమ రంగులో ఉన్న ఒక్క ఎండోథీలియల్ కణమైనా (నాళం లోపలి గోడ కణం), గుంపైనా ఒకటిగానే లెక్క. లోపల ఖాళీ కనబడాలనీ, ఎర్ర కణాలు ఉండాలనీ లేదు. మందమైన కండర గోడ ఉన్న నాళాలను వదిలేయండి. మీ మైక్రోస్కోప్ ఫీల్డ్ (ఒకసారికి కనిపించే గుండ్రటి భాగం) వైశాల్యం తప్పకుండా రాయండి, అది లేని అంకెను ఇంకొకరు పోల్చుకోలేరు.

అసలు జాగ్రత్త కీమో తర్వాతి స్లైడ్‌లో కావాలి. కణితి పోయిన చోట మచ్చ కడుతుంది, ఆ మచ్చలో గాయం మానేటప్పుడు పుట్టే నాళాలు బోలెడు. కంటికి మొదట ఆనేది అవే, కానీ అవి కణితివి కావు. మిగిలిన క్యాన్సర్ కణాల గూళ్ల మధ్యా, వాటి అంచునా ఉన్నవే లెక్కలోకి తీసుకోండి. అనుమానమొస్తే పక్కనే హెచ్ అండ్ ఈ (కణజాలానికి మామూలుగా వేసే గులాబీ-ఊదా రంగు) స్లైడ్ పెట్టుకుని ఫీల్డ్ సరిపోల్చండి.

ఇక అంకెల అర్థం. కీమో మందులు విభజన చెందే కణాలను కొడతాయి. కొత్త నాళాల గోడ కణాలూ విభజన చెందేవే. పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ అనే కీమో మందులైతే తక్కువ మోతాదులోనూ వాటిని అడ్డుకుంటాయి. కానీ మూడు వారాలకోసారి ఇచ్చే పద్ధతిలో, మధ్య విరామంలో నాళాలు మళ్లీ కోలుకోగలవు. చిన్న మోతాదు తెరిపి లేకుండా ఇచ్చే మెట్రోనామిక్ కీమో ఆలోచన 2000లో ఎలుకల ప్రయోగాలతో ఊపందుకున్నది ఇందుకే.

నాళాల సాంద్రత, అంటే ఒక వైశాల్యంలో ఎన్ని నాళాలున్నాయన్నది, తగ్గలేదంటే మందు పనిచేయలేదని రాసేయకండి. నాళాలూ కణాలూ ఒకే పాళ్లలో పోతే కణితి సగానికి కుంచించుకుపోయినా సాంద్రత మారదు. అందుకే కణితి సైజు, మిగిలిన క్యాన్సర్ శాతం పక్క కాలమ్‌లో ఉండి తీరాలి.

కణితి పూర్తిగా కరిగిపోయిన పేషెంట్లకి మాత్రం ఎక్సెల్ షీట్‌లో సున్నా వేయకండి. "లెక్కించడానికి కణితి లేదు" అని రాసి, వాళ్లను వేరే గ్రూప్‌గా చూపండి. సున్నా వేస్తే సగటు కిందికి జారి, నాళాలు తగ్గాయన్న ఫలితం మీ చేతులతో మీరే తయారుచేసినట్టవుతుంది.